మూత వేయని కంప్యూటరు

దుబాయ్,
10 ఆగస్టు 2025, ఆదివారం

చిరంజీవి గంగాభవానికి,

చి.ల.సౌ. అని రాయబోయి 'సౌ' దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ అక్షరం ఇక నీ పేరు ముందు పెట్టకూడదట. ఈ రూలు పెట్టినవాళ్ళ ఇంట్లో ఎవరూ చావలేదు కాబోలు. ఉత్త చిరంజీవి అని రాసుకుంటున్నాను. నా కొడుకు బతకాల్సినవి కూడా కలిపి నువ్వే బతుకు.

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో నిమిషానికి నువ్వో నేనో కట్ చేస్తున్నాం. అందుకే నువ్వన్నట్టు కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నా. నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకో. కాగితాన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు.

వాసు కంప్యూటరు పంపమని అడిగావు. అది పంపడానికి వీల్లేకుండా ఎలా ఉందో చెప్తాను విను. వాణ్ణి ఊళ్ళో దహనం చేసి నేను వెనక్కొచ్చిన మర్నాడు (పదమూడో రోజుకే తిరుగు టిక్కెట్టు తీసింది మా మేడమ్, వాళ్ళింటికి చుట్టాలొస్తున్నారని) రమీజ్ దాన్ని తెచ్చాడు. వాసు పక్క మంచం కుర్రాడు, నీకు తెలుసుగా. అల్ ఖూజ్ నుంచి కంపెనీ పికప్‌లో వచ్చాడు. బట్టల పెట్టె వెనకాల పడేశాడు గానీ కంప్యూటర్ని మాత్రం మూత తెరిచే ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని ఆసుపత్రి నుంచి తెచ్చినట్టు తెచ్చాడు. "అమ్మీ, ఇస్‌కో బంద్ మత్ కరో" అన్నాడు, దీన్ని ఆపెయ్యొద్దు అని. ఆపితే, మళ్ళీ తెరిచేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుందట. అది వాసుకి తప్ప ఎవరికీ తెలీదు. దానంతటది పడుకోకుండా వాసే సెట్ చేశాడట, సినిమాలు దింపుకోడానికి. బతికుండగా చేసిన పనుల్లో ఆ సినిమాల పిచ్చే ఇప్పుడు నాకు మేలు చేసింది.

వాడు పోయే ముందు ఏదో రాస్తూ లేచాడు. ఆ పేజీ అలాగే తెరిచి ఉంది. ఇంగ్లీషులో పదకొండు లైన్లు. చివరి లైను సగంలో ఆగిపోయింది. అక్కడ ఒక సన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. తొమ్మిది నెలల నుంచి, ఇప్పుడు రాస్తాడు ఇప్పుడు రాస్తాడు అన్నట్టు.

మా సారు కూతురు తన్మయి చదివిపెడతానంది. వద్దన్నాను. మనసులో మాట చెప్పనా? చదివేస్తే అది అయిపోతుంది. చదవనంతకాలం వాడు ఇంకా రాస్తున్నట్టే.

ఇప్పుడు వచ్చిన చిక్కేంటంటే, రోజూ పొద్దున్నే ఆ కంప్యూటరు మూలనుంచి ఒక చీటీ పైకొస్తుంది. కొత్త సిస్టం వచ్చింది, వెయ్యనా, తర్వాత వెయ్యనా అని. తర్వాత అన్నది ఎక్కడ నొక్కాలో తన్మయి చూపించింది. రోజూ అదే నొక్కుతున్నా. కొత్తది వేస్తే ఆగి మళ్ళీ మొదలవుతుందట. పాస్‌వర్డ్ అడుగుతుందట. ఇక ఆ పేజీ నాకు కనపడదు.

మా సారు నరసింహమూర్తిగారు కంప్యూటర్ల ముదీర్ కదా, అంటే మేనేజరు, ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పెద్ద ఫ్యాక్టరీకి. రోజూ సలహా ఇస్తాడు. "వేసెయ్ సత్యా, పాతది ఉంచుకుంటే దొంగలు పడతారు" అని. పనిమనిషి గదిలోకి, ఇస్త్రీ బల్ల మీదికి, ఏ దేశం దొంగ వస్తాడమ్మా? వచ్చినా నా చీరలు చూసి వాడే ఏదో ఒకటి పెట్టి పోతాడు.

పైగా ఏడాది తిరక్కుండా చావు జరిగిన ఇంట్లోకి కొత్తది ఏదీ రాకూడదు. నేను కొత్త చెప్పులు కూడా కొనలేదు. దానికి మాత్రం కొత్తది ఎందుకు? కార్తీకంలో సంవత్సరీకం అయ్యాక చూద్దాం.

వేళకి తింటూ ఉండు. మీ నాన్నగారిని అడిగానని చెప్పు.

నీ అత్త, తొమ్మిది నెలలుగా 'తర్వాత' నొక్కే ఉద్యోగం కూడా చేస్తున్న
సత్యకుమారి

*

మలికిపురం,
17 ఆగస్టు 2025

అత్తయ్యగారికి నమస్కారాలండి.

మీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత చెంబెడు నీళ్ళు తాగి పడుకున్నాను. నేను కంప్యూటర్ అడిగింది వాసుని తుడిచెయ్యడానికి కాదండి. ఇక్కడ కంప్యూటర్ సెంటర్లో చేరానని చెప్పాను కదా. ఆధార్ మార్పులు, హాల్ టిక్కెట్లు, ఉద్యోగాల అప్లికేషన్లు. సొంత మిషన్ ఉంటే ఇంటి దగ్గర కూడా పని చేసుకోవచ్చని అభిలాష్ గారు అన్నారు. సెంటర్ ఆయనదే.

ఆ చీటీ సంగతి కూడా అభిలాష్ గారిని అడిగాను. పాత సిస్టంకి ఇక కొద్ది నెలలేనట. ఎన్నాళ్ళు తర్వాత అన్నా, ఒకరోజు అదే వేసేసుకుంటుందని అభిలాష్ గారు అన్నారు. లోపల ఉన్నవి ఏవీ పోవట, కానీ పాస్‌వర్డ్ లేకపోతే ఉన్నా లేనట్టే. అందుకని ముందు ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నారు. ఒక్క నిమిషం పనండి. సూతకం మనుషులకండి, మిషన్‌కి కాదు.

ఒక్క సంగతి చెప్పండి. పేజీలో అన్నిటికన్నా పైన నాలుగు అక్షరాల మాట ఉందా? మొదటి అక్షరం ఎక్కుపెట్టిన విల్లులాగా ఉంటుంది, నిలువు గీత, దానికి కుడి పక్కన బొజ్జ. అది ఉందో లేదో చూసి చెప్పండి చాలు. మీ కొడుకు నాకు ఎప్పుడు మెసేజ్ పెట్టినా ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు.

నాన్నకి షుగర్ తగ్గింది. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

మీ కోడలు, ఇంకా కోడలే
గంగాభవాని

*

దుబాయ్,
24 ఆగస్టు 2025

భవానీ,

విల్లు ఉంది. బొజ్జ కూడా ఉంది. సంతోషమా? మరీ సంతోషపడకు. తన్మయిని ఊరికే అడిగాను, విల్లుతో మొదలయ్యే నాలుగక్షరాల మాట ఏంటని. "డియర్ ఆంటీ. ఎవరికైనా అలాగే రాస్తారు, బ్యాంకువాళ్ళు కూడా" అంది. అంటే నీకు కావచ్చు, నాకు కావచ్చు, బ్యాంకుకి కూడా కావచ్చు. తల్లికి రాసేటప్పుడు విల్లు పెట్టకూడదని ఎక్కడా లేదుగా?

నువ్వడిగిన ఫోటో కూడా దీంతోపాటు పంపాను. చూశావుగా. తువ్వాలు కప్పి ఉంది. మా మేడమ్ తలుపు తీసినప్పుడల్లా ఒక కన్ను దాని మీద వేస్తోంది కాబట్టి కప్పాను. ఆ తువ్వాలు తియ్యకుండానే ఫోటో తీశాను. అంతకంటే ఇప్పుడు నావల్ల కాదు.

ఇంకో లెక్క చెప్తాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా వాసు పేరు ఒక్కసారి వచ్చింది. అభిలాష్ గారి పేరు మూడుసార్లు వచ్చింది. అభిలాష్ గారు అన్నారు, అభిలాష్ గారిని అడిగాను. ఆయన ఏమంటాడో అన్నీ రాశావు, భోంచేశాడో లేదో ఒక్కటే రాయలేదు. నీకు ఇరవై ఆరేళ్ళు, నేనేం గుడ్డిదాన్ని కాదు. పాతదాని మీద కొత్తది వేసుకోవాలని ఉంటే సూటిగా చెప్పు, కంప్యూటర్ని అడ్డం పెట్టుకోకు.

మా మేడమ్ సంగతి కూడా విను. బాలత్రిపురసుందరి గారు. అంత పేరున్న మనిషికి గ్లాసు తొలిచి బోర్లించడం రాదు. నిన్న పిలిచి, "సత్యా, ఆ కంప్యూటర్ రోజంతా గుర్‌మంటోంది, నాకు మెడిటేషన్ కుదరట్లేదు" అంది. మధ్యలో రెండు గోడలున్నాయి, ఒక వాషింగ్ మిషన్ ఉంది. వాషింగ్ మిషన్ గుర్రు ఆవిడకి వినపడదు, అది ఆవిడ బట్టలే ఉతుకుతుంది కదా.

రమీజ్ పోయిన ఆదివారం వెనక గేటు దగ్గరికి వచ్చాడు. "అమ్మీ, వైసే హీ హై?" అని అడిగాడు, అలాగే ఉందా అని. ఉందన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. వాడొక్కడే నన్ను ఏం వెయ్యమనీ, ఏం తియ్యమనీ అనడు.

మోకాళ్ళు నొప్పిగానే ఉన్నాయి. అవి కూడా పాతవే.

కోపంగా ఉన్నా క్షేమం కోరే
అత్త

*

మలికిపురం,
2 సెప్టెంబరు 2025

అత్తయ్యగారికి,

తువ్వాలు ఫోటో అందిందండి. పూల తువ్వాలు. బాగుంది. ప్రింటు తీయించి గోడకి తగిలించమంటారా?

మీ ఉత్తరం సెంటర్లో చదివాను. నా ముఖం చూసి పక్క కుర్చీలో ఉన్న సుధారాణి గారు ఏమైందని అడిగి, కాగితం తీసుకుని చదివేశారు. చదివి పడీపడీ నవ్వారు. ఆవిడ అభిలాష్ గారి భార్య. నాకు టైపింగ్ నేర్పేది ఆవిడే. ఆయన భోంచేశాడో లేదో ఆవిడ రాయమంటున్నారు: చేశారట, బీరకాయ కూర, సగం వదిలేశారట. ఇక మీరు లెక్కలు కట్టుకోండి.

నాకు మాత్రం నవ్వు రాలేదు. నాకు ఏది ఎందుకు కావాలో మీకు చెప్పకుండా దాచాను, ఆ తప్పు నాదే. ఇప్పుడు చెప్తున్నా.

ఆరోజు సాయంత్రం మేమిద్దరం ఫోన్లో గొడవపడ్డాం. సెలవు పెట్టి వస్తానన్నవాడు మళ్ళీ వాయిదా వేశాడు. "అమ్మకి ఒక పని చేసిపెట్టి వస్తాను, కొంచెం ఆగు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీకు మీ అమ్మ ఉంటే చాలు, మీ అమ్మతోనే కాపురం చెయ్యి" అన్నాను. దానికి ఆయన, "నీకన్నీ వివరంగా రాస్తాను, అప్పుడు తిట్టు" అని పెట్టేశాడు. మర్నాడు పొద్దున బస్సు దిగి నాలుగడుగులు వేసి పడిపోయాడని మీరే ఫోన్ చేశారు.

రాస్తానన్నాడు అత్తయ్యా. ఆ రాత్రి ఏదో రాశాడు. అది నాకు రాసింది కాకపోతే ఇంకెవరికి? నేను ఆఖరుగా అన్నమాటకి ఆయన జవాబు ఆ పేజీలో ఉంది. మీరు దానిమీద తువ్వాలు కప్పి కూర్చున్నారు. మీకు కొడుకు ఇంకా రాస్తున్నట్టు ఉంది. నాకు మొగుడు మాట్లాడటం మానేసినట్టు ఉంది. కొత్తది వెయ్యండి, వెయ్యకపోండి, అది మీ ఇష్టం. ముందు ఆ తువ్వాలు తియ్యండి.

గంగాభవాని

*

దుబాయ్,
14 సెప్టెంబరు 2025

అమ్మా భవానీ,

పదిరోజులు జవాబు రాయలేదు. రాయడానికి ముఖం లేక. ఆ బీరకాయ కూర సగం వదిలేసినాయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. సుధారాణి గారికి కూర బాగా చెయ్యమని చెప్పు.

ఆ మాట నువ్వు వాడితో అన్నావని నాకు ఇప్పుడే తెలిసింది. అందులో ఏముంది, నేను మీ మావయ్యని అంతకంటే ఘోరంగా అన్నాను, ఆయన అరవై ఏళ్ళు బతికాడు. మాటలకి మనుషులు పోరు. ఇది నీ మనసు చల్లబరచడానికి రాయట్లేదు. నా అనుభవం.

ఇవాళ పొద్దున కంప్యూటరు మాట మార్చింది. 'తర్వాత' అన్న గడి ఉండాల్సిన చోట లేదు. వచ్చే ఆదివారం, 21న, తనే వేసేసుకుంటానని చెప్పిందట. తన్మయి చదివి చెప్పింది. ఇన్నాళ్ళూ నన్ను అడిగిందంతా ఉత్త మర్యాదే. మా మేడమ్ కూడా అంతే, "ఇవాళ బిర్యానీ చెయ్యగలవా సత్యా?" అని అడుగుతుంది, అప్పటికే చుట్టాలు కారు దిగుతుంటారు.

కాబట్టి తువ్వాలు తీశాను. ఫోటో తీశాను. మూడుసార్లు మసగ్గా వచ్చింది. నాలుగోది పంపుతున్నా. నేను చదవలేదు, చదవలేను. మూడో లైన్లో మాత్రం నా పేరు కనపడింది. నా ఐడీ కార్డు మీద చూసి చూసి ఆ ఆకారం గుర్తు. వెంటనే మళ్ళీ తువ్వాలు కప్పేశాను.

ఏం రాసుంటే అది రాయి. నన్ను తిట్టి ఉంటే తిట్టినట్టే రాయి. ఏదీ కలపకు, ఏదీ తీసెయ్యకు. నీకు రాసిందైతే, నాకు చెప్పక్కర్లేదనుకున్నది దాచుకో, కానీ దాచుకున్నానని చెప్పు.

సత్యకుమారి

*

మలికిపురం,
16 సెప్టెంబరు 2025

అత్తయ్యా,

ఈ గారు, అండి అన్నీ ఇవాళ్టికి వదిలేస్తున్నాను.

అది నాకు రాయలేదు. మీకూ రాయలేదు. మీ సారుకి రాశాడు. నరసింహమూర్తి గారికి. తెలుగులో రాస్తే పనిమనిషి కొడుకు ఏదో రాశాడంటారని ఇంగ్లీషులో రాసుంటాడు. కొన్ని తప్పులున్నాయి. ఏదీ కలపకుండా, తియ్యకుండా తెలుగు చేశాను. లైన్ల నంబర్లు నేను వేశాను.

ఒకటి. (డియర్ సార్) గౌరవనీయులైన సారుగారికి.
రెండు. నేను అల్ ఖూజ్‌లో తలుపులు చేసే వర్క్‌షాపులో పని చేస్తాను.
మూడు. మీ ఇంట్లో పనిచేసే సత్యకుమారి మా అమ్మ.
నాలుగు. ఆమె మీ దగ్గరికి వచ్చి ఆరేళ్ళు, ఇప్పటిదాకా వారానికి ఒక రోజు సెలవు లేదు.
ఐదు. ఇక్కడి చట్టంలో ఆ రోజు ఉంది సార్, మీకు తెలిసే ఉంటుంది.
ఆరు. నేను ఉండే చోటు మీ ఇంటికి ఇరవై నిమిషాలు, కానీ నా గది మా అమ్మ ఒక్కసారి కూడా చూడలేదు.
ఏడు. నేను వస్తే మీ వెనక గేటు దగ్గర నిలబడి మాట్లాడుకుంటాం.
ఎనిమిది. దయచేసి ఆదివారాలు ఆమెకి సెలవు ఇవ్వండి.
తొమ్మిది. ఆమె అడగదు, అడిగితే మీరు నొచ్చుకుంటారని భయం, అందుకే నేను అడుగుతున్నాను.
పది. ఆమె మీ గురించి ఏనాడూ చెడ్డగా చెప్పలేదు.
పదకొండు. ఆమె వస్తే నేను

అంతే. అక్కడ ఆగిపోయింది.

ఇదన్నమాట, అమ్మకి చేసిపెట్టాల్సిన పని. పదకొండు లైన్లలో నా పేరు లేదు. వెతికాను. నిన్నంతా మీ మీద అసూయగా ఉంది, చచ్చిపోయిన మనిషి విషయంలో కూడా అసూయ పడొచ్చని తెలిసింది. ఇవాళ తగ్గింది. మీ అమ్మతోనే కాపురం చెయ్యి అన్నానే, ఆ అమ్మ ఇంటిగుమ్మం కూడా ఆయన దాటలేదని నాకు తెలీదు. మీరెప్పుడూ చెప్పలేదు. ఫోటోల్లో పెద్ద హాలు, పెద్ద సోఫా పెట్టేవారు.

ఆ ఉత్తరం తొమ్మిది నెలలు ఎవరి పేరున ఉందో ఆయన ఇంట్లోనే ఉంది అత్తయ్యా. ఇస్త్రీ బల్ల మీద. చేరాల్సినవాళ్ళకి చేర్చకపోతే అది ఉత్తరమెలా అవుతుంది?

భవాని

*

దుబాయ్,
22 సెప్టెంబరు 2025, సోమవారం

భవానీ,

ముందుగా, పదో లైను అబద్ధం. వాళ్ళ గురించి నేను చెడ్డగా చెప్పని ఆదివారం లేదు. వాడు గేటు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాడు. ఎంత బాగా అబద్ధమాడాడో వెధవ.

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి గిన్నెలు తోముతూ, బట్టలు మడతపెడుతూ ఆ పదకొండు లైన్లూ బట్టీపట్టాను. బళ్ళో ఎక్కాలు కూడా అంత శ్రద్ధగా పట్టలేదు. శనివారం పొద్దున సారు టిఫిను తింటుంటే వెళ్ళి నిలబడి అన్నాను.

"సార్, మీరు చెప్పినట్టు ఆ కొత్తది వేయించేద్దామనుకుంటున్నానండి. మీ చేత్తో వేస్తే బాగుంటుంది."

ఆయన ముఖం చూడాలి నువ్వు. తొమ్మిది నెలల సలహా ఫలించింది కదా. కళ్ళజోడు తుడుచుకుని లేచాడు. మేడమ్ కూడా వెనకే వచ్చింది. ఆరేళ్ళలో ఆవిడ నా గది లోపలికి కాలుపెట్టడం ఇదే మొదలు. చుట్టూ చూసి, "ఇంత చిన్నగా ఉందేంటి?" అంది. ఇల్లు ఆవిడదే!

తువ్వాలు సారే తీశాడు. పేజీ చూశాడు. మొదట కూర్చుని చదివాడు, తర్వాత నిలబడి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. నేను ఏమీ తెలియనట్టు అడిగాను.

"మా వాడు ఏం రాశాడు సార్? నాకేమో చదవడం రాదు."

"ఏం లేదు సత్యా. ఎవరికో సెలవు కోసం లెటర్. ఆఫీసు వ్యవహారం. దాచక్కర్లేదు."

భవానీ, సెలవు కోసం లెటరే. ఆ మాట నిజమే. నిజం చెప్తూ కూడా అబద్ధం ఎలా ఆడొచ్చో చదువుకున్నవాళ్ళని చూసి నేర్చుకోవాలి. దాచాలా వద్దా అని కంప్యూటరు అడిగింది కాబోలు, ఆయన వేలు వద్దు అన్నదాని మీదికి వెళ్తోంది.

"ఆగండి సార్. ఆఫీసు వ్యవహారమైతే మూడో లైన్లో నా పేరెందుకుందండి?"

వేలు ఆగింది. మేడమ్ "నీ పేరేంటి?" అని ముందుకొచ్చింది. అప్పుడు అప్పజెప్పాను. గౌరవనీయులైన సారుగారికి అని మొదలుపెట్టి, ఎక్కడా తడబడకుండా. 'ఆమె వస్తే నేను' దాకా చెప్పి ఊరుకున్నాను. ఆ తర్వాత గదిలో ఆ కంప్యూటర్ గుర్రు ఒక్కటే వినపడింది. మేడమ్‌కి మెడిటేషన్ కుదిరి ఉంటుంది.

ముందు మేడమే తేరుకుంది. "ఇన్నాళ్ళూ నువ్వు అడగనేలేదు కదా సత్యా! అడిగితే ఇవ్వమా?"

"అది కూడా రాశాడండి. తొమ్మిదో లైను."

ఆవిడ సారు వైపు చూసింది. సారు గోడవైపు చూశాడు. తన్మయి గుమ్మంలోనే ఉంది, ఎప్పుడొచ్చిందో. "నాన్నా, అది ఆఫీసు లెటరా?" అంది. ఆ పిల్ల ఒక్కమాటే అంది. ఆయనకి అది చాలింది.

సారు, "వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి తీసుకో. అన్ని ఆదివారాలూ" అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు. నేను థాంక్స్ చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, అలవాటు కదా. నాలిక కరుచుకున్నాను.

తర్వాత ఆ పేజీ దాచాడు. "ఇక వెయ్యనా?" అని అడిగాడు. ఇంట్లో ఎవరైనా నన్ను నిజంగా అడగడం అదే మొదలు. ఏడాది తిరగలేదు. సంవత్సరీకానికి ఇంకా రెండు నెలలుంది. కానీ వాడి మాట చేరాల్సిన చోటికి చేరిపోయింది. ఇక ఆ గీత ఎవరి కోసం అలా ఆరుతూ వెలుగుతూ ఉండాలి? వెయ్యండి అన్నాను. ఆయన చేత్తో వద్దులెండి, ఎక్కడ నొక్కాలో చూపించండి అని నేనే నొక్కాను.

తెర నల్లగా అయిపోయింది. అప్పుడు మాత్రం కూర్చుండిపోయాను. గంటన్నర పట్టింది. మళ్ళీ వెలుగొచ్చాక వాడి పేరు, కింద పాస్‌వర్డ్ గడి. సారు వాడిదీ నీదీ పుట్టినరోజులు కొట్టి చూశాడు, తెరుచుకోలేదు. అప్పుడు అడిగాను, "సార్, ఆ పేజీ ఎక్కడ దాచారు?" అని.

ఆ కంప్యూటర్లోనే దాచాడట! కంప్యూటర్ల ముదీర్! బీరువా తాళం బీరువాలోనే పెట్టి తలుపు వేశాడు. ఇప్పుడు ఆ ఉత్తరం నీకు పంపిన ఫోటోలో తప్ప ఎక్కడా లేదు. దాన్ని జాగ్రత్త చెయ్యి. మసగ్గా వచ్చిన మూడూ నా దగ్గరున్నాయి.

అత్తయ్య

*

మలికిపురం,
27 సెప్టెంబరు 2025

అత్తయ్యా,

మీ ఉత్తరం సెంటర్లో అందరికీ చదివి వినిపించాను. సుధారాణి గారు రెండోసారి కూడా చదివించుకున్నారు. అభిలాష్ గారు మాత్రం తోటి కంప్యూటర్ మనిషి కాబట్టి మీ సారు తరఫున సిగ్గుపడ్డారు. ఫోటోని మంచి కాగితం మీద మూడు ప్రింట్లు తీశాం. ఒకటి మీకు, ఒకటి నాకు, ఒకటి ఊరికే.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న అడగాలి. ఆ మిషన్ అలాగే ఉంటే ఎవరికీ పనికిరాదు. అంతా తుడిచేసి కొత్తగా వేస్తే నాకు పనికొస్తుంది. అందులో ఆయన ఫోటోలు ఉండొచ్చు, నాకు రాయాలనుకున్నది మొదలుపెట్టి కూడా ఉండొచ్చు. ఉందో లేదో మనకి ఎప్పటికీ తెలీదు. మీరు వద్దంటే వద్దు. ఈసారి నాకు కోపం రాదు.

భవాని

*

అల్ ఖూజ్,
5 అక్టోబరు 2025, ఆదివారం

భవానీ,

పైన ఊరి పేరు చూశావుగా. ఇది వాసు గదిలో కూర్చుని రాస్తున్నా.

కంప్యూటరు తుడిచేసుకో. రమీజ్‌కి తెలిసినవాడొకడు భీమవరం వెళ్తున్నాడు, వాడి చేత పంపుతున్నా. అందులో నీకు రాసింది ఉందనే అనుకో. వాసు మాట ఇస్తే ఆలస్యంగానైనా చేసే రకం, అది నీకు నాకంటే బాగా తెలుసు. కానీ లేని జవాబు కోసం నువ్వు తొమ్మిది నెలలు నాలాగా తువ్వాలు కప్పి కూర్చోకు. దాని మీద నీ పేరు పెట్టుకో, నీ పాస్‌వర్డ్ పెట్టుకో. పెట్టిన పాస్‌వర్డ్ మాత్రం ఎవరో ఒకరికి చెప్పి ఉంచు తల్లీ.

పొద్దున ఎనిమిదింటికి ముందు గుమ్మంలోంచే బయటికొచ్చాను. మేడమ్ "యల్లా సత్యా, ఎంజాయ్!" అని, పద పద అన్నట్టు చెయ్యి ఊపింది. ఊపి, "రాత్రికి చపాతీ పిండి కలిపి వెళ్ళావా?" అంది. కలిపే వచ్చాను. ఒక్కరోజులో మారతారా ఎవరైనా, నేనూ మారలేదు.

గదిలో ఎనిమిది మంది. నేనొస్తున్నానని నేల కడిగారు, అగరొత్తి వెలిగించారు, తాళ్ళ మీద బట్టలన్నీ తీసి ఒక మూల కుక్కారు. సెలవు రోజు కదా అని నేను చేసిందేంటి? ఎనిమిది మందికి కోడి పులుసు వండాను. రమీజ్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. ప్రతి ఆదివారం గేటు దగ్గరికి వచ్చి "అలాగే ఉందా" అని అడిగేవాడివి, ఇప్పుడేం అడుగుతావురా అంటే, "అబ్ ఆప్ ఆతీ హైఁ న అమ్మీ" అన్నాడు, ఇప్పుడు మీరే వస్తున్నారుగా అని.

వాసుది పై మంచం. ఇప్పుడు అందులో యాసీన్ అని కొత్త కుర్రాడు ఉంటున్నాడు. నన్ను చూసి ఏదో తప్పు చేసినవాడిలా దిగి నిలబడ్డాడు. "అమ్మీ, పైకెక్కి చూస్తారా?" అన్నాడు. దుప్పటి ఉతికి పరిచాడు. యాభై నాలుగేళ్ళ మనిషిని, ఈ మోకాళ్ళతో, ఇనప నిచ్చెన ఎక్కాను. కింద నలుగురు చేతులు చాపి నిలబడ్డారు, పడితే పట్టుకోడానికి.

ఏసీ గాలి సూటిగా ముఖం మీద కొడుతుంది అక్కడ. కప్పు ఎంత దగ్గరగా ఉంటుందంటే చెయ్యెత్తితే తగులుతుంది. "మా గది చల్లగా ఉంటుందమ్మా, హాయిగా ఉంటుంది" అనేవాడు నాతో. చల్లగా ఉండటం మాత్రం నిజం. కాసేపు పడుకుని చూద్దామనుకున్నాను, వాడికి పొద్దున లేచేసరికి ఏం కనపడేదో అని. కింద కుర్రాళ్ళు మాటలాపేశారు. ఒక్కొక్కడూ చప్పుడు చెయ్యకుండా చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిపోవడం తెలుస్తోంది.

ఆరేళ్ళలో పగటిపూట నేను నడుం వాల్చింది లేదు. 'సత్యా' అని ఎవరూ పిలవలేదు. మూడు గంటలు నిద్రపోయాను భవానీ. లేచేసరికి యాసీన్ గుమ్మం బయట కూర్చుని కాపలా కాస్తున్నాడు, ఎవరూ తలుపు కొట్టకుండా.

సత్యకుమారి